దిద్దే చెయ్యి, మార్కు వేసే చెయ్యి

1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాజేంద్రనగర్ దానికి కేంద్రస్థానం. మరుసటి ఏడాది మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. ఆ విశ్వవిద్యాలయం కథ చెప్పేవాళ్లు మామూలుగా వరి వంగడాల దగ్గర మొదలుపెడతారు. రైతు చేతికి అందినవి అవే కాబట్టి అది న్యాయమే. అయితే ఆ విత్తనాలతో పాటు ఆ ప్రాంగణంలోకి ఇంకొకటి కూడా వచ్చింది. దాని గురించి రాసినవాళ్లు తక్కువ. చదువుకునేవారికి తమ చదువు ఎంతవరకు వచ్చిందో ఏడాది ముగిసేదాకా ఆగకుండా నడుమ నడుమ చెప్పే పద్ధతి అది. పాఠం చెప్పిన అధ్యాపకుడే ప్రశ్నలు తయారుచేసి, తనే దిద్ది, పేపరు తిరిగి విద్యార్థి చేతిలో పెట్టడం. ఇప్పుడు వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. అప్పటి మన కళాశాలల్లో అది వింతే.

అంతకుముందు వ్యవసాయ పట్టా చదివేవాళ్లు కూడా మిగతా డిగ్రీల వాళ్లలాగే ఏడాది చివర పరీక్ష రాసి ఊరికి బస్సెక్కేవారు. బాపట్ల కళాశాల 1945లో, రాజేంద్రనగర్‌ది 1946లో, తిరుపతిది 1961లో మొదలయ్యాయి. మూడూ మూడు సాధారణ విశ్వవిద్యాలయాల నీడన పెరిగినవే. పేపర్లు కట్టలు కట్టి ఎక్కడికో వెళ్లేవి, ఎవరో దిద్దేవారు, ఎప్పుడో ఫలితం వచ్చేది. ఫెయిలైనవాడికి ఏ ప్రశ్నలో దెబ్బతిన్నాడో తెలిసేది కాదు. పాసైనవాడికీ తెలిసేది కాదనుకోండి, కానీ వాడికి ఆ అవసరం కనిపించదు.

నా లెక్కలో ఈ కథంతా ఒక్క తగాదా చుట్టూ తిరిగింది. తప్పు దిద్దే చెయ్యీ మార్కు వేసే చెయ్యీ ఒకటే ఉండాలా, వేరుగా ఉండాలా? ఒకటైతే అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో వడ్డిస్తారని భయం. వేరైతే ఆలస్యం, పైగా మార్కు తప్ప మాట ఉండదు. రెండు వందల ఏళ్లుగా మనం ఎక్కువ భాగం రెండో బాధనే భరిస్తూ వచ్చాం.

రెండు వందల ఏళ్లని ఊరికే అనలేదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లోని దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లకు తాఖీదు ఇచ్చాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక పేరుపడ్డది. ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చువేసిన క్యాంబెల్ ఇతనే. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ కలిసి ఉండేది, తెలుగూ కన్నడమూ రెండూ నడిచేవి. అతను వర్ణించిన బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతారు. వంకర పోయిన అక్షరాన్ని అరచేత్తో చెరిపేసి మళ్లీ రాస్తారు. ముందు చేరిన పిల్లలు వెనక చేరినవాళ్లకు చెబుతారు. తప్పుకూ సవరింపుకూ మధ్య గడిచేది క్షణకాలం.

అదే బడిలో ఇంకో ఆచారం కూడా ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. ఇరవయ్యోవాడి సంగతి మీరే ఊహించుకోండి. ఇదీ ఆలస్యం లేని తీర్పే. వచ్చీ రాగానే చేతిలో పడుతుంది.

ఇసుక చెప్పింది వేరు, అరచెయ్యి చెప్పింది వేరు. నీ ‘క’కి తలకట్టు పోయింది, మళ్లీ రాయమని ఇసుక చెబుతుంది. నువ్వు వరసలో ఎన్నోవాడివో మాత్రం అరచెయ్యి చెబుతుంది. పిల్లలకు వెంటవెంటనే వాళ్ల సంగతి చెప్పాలని ఈరోజు అందరూ అంటున్నారు కానీ, ఈ రెంటిలో ఏది చెప్పాలన్న దగ్గరే ప్రభుత్వాలూ, కాలేజీలూ, తల్లిదండ్రులూ తడబడ్డారు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ నమూనాలో ఏర్పడింది. దాని పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. బందరులోనో రాజమండ్రిలోనో చదివినవాళ్లను తూచేది మద్రాసు. చెప్పే చెయ్యీ మార్కు వేసే చెయ్యీ అప్పుడు అధికారికంగా విడిపోయాయి. దాని వెనక ఒక సదుద్దేశం లేకపోలేదు. సర్కారు ఉద్యోగానికి పనికొచ్చే పట్టాకు ఏ ఊళ్లో చదివినా ఒకే విలువ ఉండాలి, గుమాస్తా కొడుకునైనా జమీందారు కొడుకునైనా ముఖం చూడకుండా తూచాలి. కులమూ పలుకుబడీ ఇంత బరువున్న సమాజంలో ముఖం చూడని పరీక్షకు గౌరవం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ గౌరవం ఇప్పటికీ పోలేదు. పోకూడదు కూడా. దానికి కట్టిన మూల్యం మాత్రం పెద్దది. ముఖం చూడని పరీక్షకు విద్యార్థి ముఖం మీదే చెప్పాల్సిన మాట చెప్పే వీలు లేకుండా పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి మన రాధాకృష్ణన్ గారే అధ్యక్షులు. ఉన్నత విద్యలో ఒక్క సంస్కరణే చెయ్యమంటే అది పరీక్షల సంస్కరణే కావాలని 1949 నివేదిక తేల్చింది. ఏడాది పొడవునా చేసిన పనికి విలువ ఇవ్వమంది. ఆ నివేదికే గ్రామీణ విశ్వవిద్యాలయాలు పెట్టాలని కూడా చెప్పింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఆలోచనకు మూలాన్ని చాలామంది అక్కడే వెతుకుతారు. పదిహేనేళ్ల తర్వాత రాజేంద్రనగర్‌లో ఈ రెండు సిఫార్సులూ కలిశాయి. మధ్యలో 1952-53 నాటి మొదలియార్ సంఘం బడి పిల్లలకు సంచిత రికార్డులు పెట్టమంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బ్లూమ్ 1957-58లో మన దేశానికి వచ్చి పరీక్షల మీద వర్క్‌షాపులు నడిపారు. ఆయన పేరు ఈనాటి బీఎడ్ విద్యార్థులందరికీ కంఠతా వచ్చు. ఆయన చెప్పింది తరగతి గదికి ఎంత వచ్చిందన్నది వేరే లెక్క.

రాజేంద్రనగర్‌కు ఈ పద్ధతి అమెరికా లాండ్ గ్రాంట్ కళాశాలల దారిలో వచ్చింది. 1862 నాటి మోరిల్ చట్టంతో అక్కడి రాష్ట్రాలు వ్యవసాయానికీ యంత్రవిద్యకూ కళాశాలలు పెట్టుకున్నాయి. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నది వాటి సూత్రం. మన దగ్గర 1960లో పంత్‌నగర్ ముందు నడిచింది. రాష్ట్రాలు వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు చట్టాలు ఎలా చెయ్యాలో చెప్పిన కమిటీకి రాల్ఫ్ కమింగ్స్ నాయకత్వం వహించారు. తర్వాత 1972లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు తొలి డైరెక్టర్ ఆయనే. మన రాష్ట్రానికి జోడీగా కుదిరింది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. అక్కడి ప్రొఫెసర్లు ఇక్కడికీ, ఇక్కడి అధ్యాపకులు అక్కడికీ తిరిగారు. ఐసీఎస్ అధికారిగా పేరుపడ్డ ఓ. పుల్లారెడ్డి తొలి ఉపకులపతి. కాలేజీలు ఒక్కొక్కటే పాత విశ్వవిద్యాలయాల నుంచి విడివడి కొత్త గొడుగు కిందికి వచ్చాయి. ఏడాది పరీక్ష పోయి టర్ములు, క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు వచ్చాయి.

ఈ పద్ధతి ఎలా పనిచేసేదో కీటకశాస్త్రం ప్రాక్టికల్స్‌లో చూస్తే తెలుస్తుంది. వ్యవసాయ కళాశాలలో చదివిన ప్రతివాళ్లూ ఒక పురుగుల పెట్టె తయారుచేసి ఉంటారు. పొలాల్లో పట్టిన పురుగులను సూదికి గుచ్చి, వరసగా అమర్చి, పేర్లు రాసి చూపించాలి. పెంకు పురుగుకు సూది గుచ్చాల్సింది కుడి పెంకురెక్క మీద. నట్టనడుమ గుచ్చితే రెక్కలు విడిపోతాయి, గుర్తుపట్టడానికి కావాల్సిన ఆనవాళ్లు పాడవుతాయి. సీతాకోకచిలుకకైతే రొమ్ము భాగం మధ్యలో గుచ్చాలి. అధ్యాపకుడు పెట్టె మూత తెరవగానే తప్పు కనిపిస్తుంది. అక్కడే చెబుతాడు, వచ్చే వారానికి విద్యార్థి ఇంకో పురుగును పట్టుకొస్తాడు. మార్కు ఎంత వేశాడన్నది ఆ తర్వాతి మాట. సూది ఎక్కడ గుచ్చాలో ముప్పై ఏళ్ల తర్వాత కూడా మరిచిపోరు. అదే సంగతి వార్షిక పరీక్షలో ప్రశ్నగా వచ్చి, తప్పు రాసి, రెండు నెలల తర్వాత యాభై మూడు మార్కులతో పాసయ్యారే అనుకోండి, తప్పు తప్పుగానే మిగిలిపోతుంది.

పంట సాగు కోర్సులో పిల్లలకు ఇచ్చే చిన్న మడి ఇంకా కఠినమైన గురువు. అక్కడ ఆకు మాట్లాడుతుంది. నత్రజని చాలకపోతే కింది ఆకులు ముందు పాలిపోతాయి. జింకు చాలని వరిలో నాటిన కొద్ది వారాలకే ఆకుల మీద తుప్పు మచ్చలు తేలతాయి. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తే కొత్తగా వచ్చే ఆకు చూసి పనిచేసిందో లేదో చెప్పొచ్చు. రైతు యూరియా ఎప్పుడు వెయ్యాలో ఆకు రంగును బట్టి తేల్చుకోవడానికి పచ్చ ఛాయలు వరసగా ముద్రించిన పట్టీ ఒకటుంది. వారం పది రోజులకోసారి ఆకు పక్కన పెట్టి చూస్తారు. కోత అయ్యాక చూసి లాభం లేదని ఏ రైతుకైనా తెలుసు. ఇంత వివరంగా పైరును కనిపెట్టుకుని ఉండమని నేర్పే శాస్త్రం, నేర్చుకునే మనిషి విషయంలో కూడా అదే పద్ధతి పాటించడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో రైతుల దగ్గర గడిపే ‘రావె’ కార్యక్రమంలో అయితే దిద్దేవాళ్లలో రైతు కూడా చేరతాడు. మొహమాటం లేకుండా చెప్పేది ఆయనే.

అన్నీ ఇంత సవ్యంగా సాగాయంటే నమ్మనక్కర్లేదు. చెప్పినవాడే మార్కులు వేస్తే వాటిని ఎంతవరకు నమ్మాలన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. ప్రాక్టికల్ మార్కులు అధ్యాపకుడి గుప్పిట్లో ఉన్నప్పుడు విద్యార్థి తలెత్తి ప్రశ్న అడగడానికి జంకుతాడు. ఒక కాలేజీలో ఎనిమిది దాటిన ఓజీపీఏ (మొత్తం గ్రేడ్ పాయింట్ల సగటు) ఇంకో కాలేజీలో ఏడుకు సమానమా అని ఉద్యోగం ఇచ్చేవాడు అడుగుతాడు. దేశమంతా పోటీ పరీక్షలతో పీజీ సీట్లు నింపడం మొదలయ్యాక ఆ ప్రశ్న ఇంకా గట్టిపడింది. దాంతో భారత వ్యవసాయ పరిశోధన మండలి డీన్ల కమిటీలు మెల్లమెల్లగా మార్కు వేసే చేతిని మళ్లీ వేరు చేస్తూ వచ్చాయి.

2016లో అయిదో డీన్ల కమిటీ ఖరారు చేసిన ఏర్పాటు చూడండి. థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉన్న కోర్సులో సగం మార్కులు చివరి థియరీ పరీక్షవి. ప్రశ్నపత్రం బయటివారు తయారుచెయ్యాలి. జవాబులు దిద్దేది కాలేజీలోని వారే అయినా, ఆ కోర్సు చెప్పిన అధ్యాపకుడు మాత్రం కాకూడదు. మిగతా సగంలో మధ్యంతర పరీక్షకు 30 శాతం, అసైన్‌మెంటుకు 5, ప్రాక్టికల్‌కు 15. అంటే నడుమ జరిగేదంతా చెప్పిన చేతికి వదిలి, చివరిది పక్కవాడి చేతికి అప్పగించారు. రాజీ అంటే ఇలాగే ఉంటుంది. నాకైతే ఇది తెలివైన రాజీ అనే అనిపిస్తుంది, ఒక్క షరతు మీద. మధ్యంతరం పేపరు సెమిస్టర్ ముగిసేలోపు కాదు, రెండో సగం సిలబస్ మొదలయ్యేలోపు తిరిగి రావాలి. లేకపోతే ఆ 30 శాతం కూడా చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. ఇక పది పాయింట్ల కొలతలో 8, ఆపైన వస్తే డిస్టింక్షన్, 7 నుంచి ప్రథమ శ్రేణి, 6 నుంచి ద్వితీయ శ్రేణి, 5 నుంచి పాస్. ఓజీపీఏను మూడు దశాంశ స్థానాల వరకు లెక్కగడతారు. మనిషి చదువును వెయ్యో వంతు దాకా తూచగల త్రాసు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు, కానీ 7.998 వచ్చినవాడి బాధ మాత్రం నిజమే.

దీనికి పక్కనే ఒక చిత్రం ఉంది. 2005 దాకా వ్యవసాయం, పశువైద్యం ఒకే విశ్వవిద్యాలయంలో కలిసి ఉండేవి. (1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టింది ఆ విశ్వవిద్యాలయానికే.) 2005లో తిరుపతి కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం వేరుపడింది. రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్‌లో ఒకవైపు ప్రొఫెసర్ జయశంకర్ పేరిట వ్యవసాయ విశ్వవిద్యాలయం, మరోవైపు పి.వి. నరసింహారావు పేరిట పశువైద్య విశ్వవిద్యాలయం నిలిచాయి. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంకు తరలింది. పశువైద్యానికి నియమాలు చేసే భారత పశువైద్య మండలి 2016లో సెమిస్టర్లను పక్కనబెట్టి సంవత్సరాల వారీ పద్ధతికి వెళ్లిపోయింది. వైద్యవిద్యలాగా ఏడాదికో వృత్తి పరీక్ష, మధ్యలో అంతర్గత పరీక్షలు. ఒకప్పుడు ఒకే గొడుగు కింద చదివిన రెండు కోర్సుల వాళ్లు ఇప్పుడు పొరుగునే ఉంటూ రెండు వేర్వేరు కాలగణనల్లో చదువుతున్నారు. ఎవరిది మంచిదో తేల్చడం తేలిక కాదు. ఆవు శరీరమంతా ఏడాది పాటు చదివితే తప్ప ఒక పట్టాన అర్థం కాదన్న వాదనలోనూ బలముంది.

ప్రాంగణం గేటు దాటి బయటికి వస్తే కథ పూర్తిగా వేరు. ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్ 1969-70లో పీయూసీ స్థానంలో వచ్చింది. 1971 చట్టంతో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అక్కడి నుంచి తెలుగు ఇంట్లో ఫలితం అంటే ఇంటర్, పది ఫలితాలే. చీమ తలకాయంత అక్షరాల్లో పత్రికల నిండా హాల్‌టికెట్ నంబర్లు. ఫస్ట్ క్లాసు ఒక చోట, సెకండ్ క్లాసు ఒక చోట, థర్డ్ ఇంకో చోట. నంబరు లేకపోతే అన్ని గడులూ మళ్లీ వెతకడం. పల్లెల్లో పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. పట్నాల్లో పత్రికాఫీసుల గేట్ల దగ్గర అర్ధరాత్రి నుంచే కాపలా. పాసా, ఫెయిలా, ఏ క్లాసు, అంతే. ఏ సబ్జెక్టులో ఎన్ని అన్నది తర్వాత మెమో వస్తే తెలియాలి.

ఇంటర్నెట్ వచ్చాక ఆ నిరీక్షణ తగ్గుతూ వచ్చింది. నెట్ సెంటర్ల ముందు వరసలు కట్టిన తరం ఒకటి, ఫోన్‌లోనే చూసుకున్న తరం ఇంకొకటి. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షలు మార్చి 20కి ముగిస్తే, ఏప్రిల్ 12న ఫలితాలు ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’లోకి కూడా వచ్చేశాయి. లక్షల పేపర్లు మూడు వారాల్లో దిద్దించడం మామూలు పని కాదు. దాన్ని మెచ్చుకోవాల్సిందే. అయినా ఆ వేగంలో విద్యార్థి చేతికి అందింది ఏమిటి? అంకె. గడిలో నంబరు ఉండే చోట మార్కు వచ్చింది, పేపరు మాత్రం రాలేదు.

అంకె ఒక్కటే అందినప్పుడు, ఆ అంకె తప్పైతే? 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 99 రావాల్సిన చోట సున్న పడింది. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. అందులో వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ పిల్లల్లో ఎంతమంది మీద ఏ అంకె ఎంత భారమైందో తేల్చే హక్కు నాకు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. ఏడాది పొడవునా తన పేపర్లు తను చూసుకుంటూ వచ్చిన పిల్లకు ఆఖరున సున్న వస్తే, అది తనది కాదని తనకే ముందు తెలుస్తుంది. నిలబడి అడిగే ధైర్యం ఆ తెలివిడి నుంచే వస్తుంది.

అడిగే హక్కు కూడా మనకు ఆలస్యంగానే దక్కింది. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు జవాబుపత్రం చూపించమని విద్యార్థి పట్టుబట్టలేడని చెప్పింది. అలా చూపిస్తూ పోతే పరీక్షల వ్యవస్థే నడవదన్న భయం అందులో ఉంది. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ కేసులో అదే కోర్టు దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని, చూసుకోనివ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. మధ్యలో ఇరవై ఏడేళ్లు. ఇప్పుడు తెలంగాణ ఇంటర్ విద్యార్థి పేపరుకు 600 రూపాయలు కట్టి రీవెరిఫికేషన్‌తో పాటు స్కాన్ కాపీ తెప్పించుకోవచ్చు. తన తప్పు తను చూసుకోవడానికి ఆరు వందలు! కూలికెళ్లే తల్లికి ఆ మొత్తం ఎన్ని రోజుల లెక్కో బోర్డు ఆలోచించిందో లేదో.

ఆలస్యమే అసలు జబ్బయితే మన కార్పొరేట్ కాలేజీలు దాన్ని ఎప్పుడో నయం చేసి ఉండాలి. ఆదివారం పరీక్ష, ఒకట్రెండు రోజుల్లో మార్కులు, ర్యాంకుల పట్టిక గోడ మీద, తండ్రి ఫోన్‌కు మెసేజ్. ర్యాంకును బట్టి సెక్షన్ మారుతుంది. సెక్షన్‌ను బట్టి లెక్చరర్ మారతాడు. ఇంత వేగం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. కానీ అది క్యాంబెల్ చూసిన అరచెయ్యే, ఇసుక కాదు. ఇరవయ్యో వాడికి పద్దెనిమిది దెబ్బలు పడతాయి. ఎక్కడ తప్పిందో చెప్పే తీరిక ఎవరికీ లేదు, ఎందుకంటే వచ్చే ఆదివారం ఇంకో పరీక్ష ఉంది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో ఒక ప్రయోగం చేశారు. కొందరికి మార్కు ఒక్కటే, కొందరికి మాట ఒక్కటే, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. మాట ఒక్కటే అందినవాళ్లు మెరుగయ్యారు. మార్కూ మాటా రెండూ అందినవాళ్లు మార్కు ఒక్కటే అందినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనబడగానే కన్ను మాట మీదికి పోదన్నమాట. ప్రోగ్రెస్ కార్డు తెచ్చిన పిల్లవాడు రిమార్కుల గడి చదవకుండా నాన్న సంతకం ఎలా సంపాదించాలా అని ఆలోచించడం మనం ఎరగనిదా?

సర్కారు బడుల్లో ఇసుకను తిరిగి తేవాలన్న ప్రయత్నం విద్యా హక్కు చట్టంతో వచ్చింది. 2009 చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం చెయ్యమంది. మన రాష్ట్రాల్లో అది నిర్మాణాత్మక మూల్యాంకనంగా, టీచర్ల నోట ఎఫ్ఏలుగా దిగింది. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని నాలుగు పనిముట్లు. కాగితం మీద ఇంత చక్కటి ఏర్పాటు నేను ఇంకోటి చూడలేదు. అమలులో టీచరు మీద పడ్డది రిజిస్టర్ల బరువు. ఒక్కో పిల్లకు, ఒక్కో సబ్జెక్టులో, నాలుగేసి గడులు, ఏడాదికి నాలుగుసార్లు నింపాలి. గడులు నింపే పనిలో పిల్లల నోటుబుక్కు తెరిచే పొద్దు కరిగిపోయింది. ప్రాజెక్టులేమో పుస్తకాల షాపులో రెడీమేడ్‌గా దొరికాయి. పదో తరగతికి ఇంటర్నల్స్ 20 మార్కులు కలిపాక ప్రైవేటు బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై పడుతున్నాయన్న ఫిర్యాదు మొదలైంది. చెప్పిన చేతికి మార్కు అప్పగిస్తే ఏమవుతుందో పాత విశ్వవిద్యాలయాలు భయపడ్డదే జరిగింది. ఆ ఇరవై మార్కుల్ని అధికారిక ఫలితంలో కలపకుండా పిల్లకు చెప్పడానికి మాత్రమే వాడి ఉంటే ఇంత అబద్ధం అవసరమయ్యేది కాదు.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకే రోజు సర్కారు బడులన్నిటిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టి ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చింది. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌లో కూర్చున్నారు. పండగ వాతావరణం బాగుంది. టీచరుతో తల్లి మాట్లాడిన ఆ పది నిమిషాలు ఏటా ఎన్నిసార్లు దొరుకుతాయన్నదే ప్రశ్న.

మళ్లీ రాజేంద్రనగర్‌కు వద్దాం. ఈ ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. పిల్లలకంటే పెద్దవాళ్లు ఎక్కువగా చదువుకునే పేట ఇది. జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, 1976 నుంచి వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ, 1987 నుంచి జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ ‘మేనేజ్’, శివరాంపల్లి వైపు పోలీస్ అకాడమీ. ఇలాంటి శిక్షణల్లో కాగితం ఎదురు తిరుగుతుంది. తరగతి ముగియగానే పాఠం చెప్పినవాళ్లకే మార్కులు వెయ్యమని శిక్షణార్థులకు ఫారం ఇస్తారు. టీ తాగి వచ్చేలోపు ఆ తీర్పు తేలిపోతుంది. పిల్లలకు నెలలు పట్టే పని అతిథి వక్తకు పావుగంటలో అయిపోతోంది.

మేనేజ్ 2003లో మొదలుపెట్టిన ఒక డిప్లొమా నాకు వీటన్నిటిలోకీ ఇష్టం. ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణదారుల కోసం పెట్టిందది. 48 వారాలు, వారానికి ఒక రోజు, అదీ ఆదివారమో బజారు సెలవు రోజో. 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు. ఎప్పుడో బడి మానేసి కొట్టు బల్ల వెనక ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి మళ్లీ నోటుబుక్కు పట్టుకుంటాడు. ఆదివారం తెగులు మందుకూ పురుగు మందుకూ తేడా విన్నాడా, సోమవారం పొద్దున్నే రైతు సంచిలోంచి ఎండిన ఆకు తీసి బల్ల మీద పెడతాడు. చెప్పింది ఒంటబట్టిందో లేదో అప్పుడే తేలుతుంది. తప్పు మందు ఇస్తే పది రోజుల్లో ఆ రైతే మళ్లీ వస్తాడు, ఈసారి ఊరందరి ముందూ అడుగుతాడు. అక్కడ దిద్దే చెయ్యి రైతుదే.

డిగ్రీ చదివే పిల్లలకు అంత అదృష్టం లేదు. ఆరో డీన్ల కమిటీ సిఫార్సులతో 2024-25 నుంచి వ్యవసాయ డిగ్రీలో కొత్త మలుపు వచ్చింది. మొదటి ఏడాది ముగించి, పది వారాల ఇంటర్న్‌షిప్ చేస్తే సర్టిఫికెట్‌తో బయటికి పోవచ్చు. రెండేళ్లకు అదే రీతిలో డిప్లొమా. ఇదివరకు మొదటి ఏడాది మార్కులు ఆలస్యమైతే పోయేదేమీ లేదు, రెండో ఏడాది ఎలాగూ అక్కడే. ఇప్పుడు పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అమ్మాయి ఉండాలో వెళ్లాలో రెండో సెమిస్టర్ చివర తేల్చుకోవాలి. ఇంట్లో డబ్బు లెక్క ఒకవైపు, తనకు ఈ చదువు పట్టుబడుతోందా లేదా అన్నది ఇంకోవైపు. నేలశాస్త్రంలో వెనకబడిందా, లేక ఒక్క అధ్యాయంలో తడబడిందా? ఓజీపీఏ ఆ మాట చెప్పదు. సలహాదారుగా ఉన్న అధ్యాపకుడు మధ్యంతరం పేపర్లు ముందేసుకుని, అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడితే తెలుస్తుంది. ఆ అరగంట ఏ సెమిస్టర్ టైంటేబుల్‌లో, ఏ వారంలో పెడతారో కాలేజీలు ఇంకా రాసుకోవాలి.